వంతు మానని ఎర్రమ్మత్త

పోయిన నెల బరంపురం బడా బజార్‌లో చింతపండు బేరం ఆడుతుండగా పక్క కొట్టతను పెద్ద గాజు సీసా మూత తిప్పాడు. పిప్పరమెంటు వాసన గుప్పున ముక్కుకు తగిలింది. అరవైకి దగ్గర పడుతున్నదాన్ని, బతుకులో సగం బడిపిల్లల మధ్యే గడిపినదాన్ని, ఆ వాసన తగిలితే ఇప్పటికీ చేస్తున్న పని వదిలేస్తాను. సంచి కింద పెట్టి కాసేపు గోడకు ఆనుకుని నిలబడ్డాను. ఆ వాసనతోపాటు ఎప్పుడూ ఇద్దరు మనుషులు గుర్తొస్తారు. ఒకడి పేరు ఇక్కడ రాయను. ఆ పేరు పెట్టుకున్న మంచివాళ్ళు చాలామంది ఉన్నారు, వాళ్ళకెందుకు ఆ పాపం? రెండో మనిషి ఎర్రమ్మత్త. నేను పనిచేసే బడిలో నన్ను వెనకాల అనుమానపు పక్షి అంటారని నాకు తెలుసు. ఆ బిరుదు అసలు ఆవిడది. నాకు వారసత్వంగా వచ్చింది.

మాది ఛత్రపూర్ దగ్గర సముద్రపు ఒడ్డున ఒక చేపలపేట. తాతల నాడే తెలుగు ఊళ్ళ నుంచి వచ్చి ఇసుకలో పాకలు వేసుకున్న కుటుంబాలు. మగవాళ్ళు ఏడాదిలో సగం రోజులు పరదీప్‌లోనో విశాఖలోనో మరపడవల మీద పనికి పోయేవారు. ఆడవాళ్ళు తెల్లారగానే చేపల బుట్టలు ఎత్తుకుని రైలెక్కి బరంపురం వెళ్ళి, అమ్ముకుని మధ్యాహ్నం దాటాక తిరిగొచ్చేవారు. మరి పిల్లల మాటేమిటంటే, దానికి మా వీధిలో వంతు అనే పద్ధతి ఉండేది. రోజుకొక ఆడమనిషి బేరం మానుకుని ఇంటి దగ్గర ఉండిపోవాలి. ఆ రోజు వీధిలో పిల్లలందరూ ఆమె పిల్లలే. గంజి పోసేది ఆమే, తగువులు తీర్చేది ఆమే, వీపు మీద ఒకటి వేసేదీ ఆమే. ఒక రోజు బేరం పోవడమంటే మా ఇళ్ళల్లో చిన్న మాట కాదు. అయినా జ్వరం వచ్చినా సరే, ఎవరూ వంతు ఎగ్గొట్టేవారు కాదు.

ఎర్రమ్మత్త మా నాన్నకు వరసకు అప్ప, అంటే అక్క. భర్తను సముద్రం తీసుకుపోయింది, పిల్లలు లేరు. పిల్లలు లేనిదానికి వంతు ఎందుకని ఎవరో అంటే, "ఈదిలో ఉన్నాను కదేటి" అని ఊరుకుందట. సన్నగా, పొడుగ్గా, ఎప్పుడూ ఎవరి మీదో కోపం వచ్చినట్టుండే మొహం. ఆవిడ అనుమానం మాత్రం అందరి అనుమానం లాంటిది కాదు. గాజులమ్మేవాడు, చిలక జోస్యం వాడు, బైరాగి, వీళ్ళెవరినీ ఆపేది కాదు. పిల్లలకు మరీ నచ్చేసే పెద్దవాళ్ళను చూస్తేనే ఆవిడ కళ్ళు చిట్లించేది. ఒకసారి మా అమ్మ అడిగింది, కొత్తవాళ్ళను వదిలేసి తెలిసినవాళ్ళ మీద పడతావేం వదినా అని. "కొత్తోడి మీద కుక్క మొరుగుతాది, నానెందుకు? కుక్క తోకూపినోడి మీదే నా సూపు" అంది. వీధంతా నవ్వింది. నేను కూడా నవ్వాను.

నాకు పదకొండేళ్ళప్పుడు మాస్టారు వచ్చాడు. పేట చివర ఒక గది అద్దెకు తీసుకున్నాడు. తెల్లటి చొక్కా, నూనె రాసి దువ్విన జుట్టు, నెమ్మదైన మాట. తెలుగూ ఒడియా రెండూ రాయగలడు. పరదీప్‌లో ఉన్న మగవాళ్ళకు ఉత్తరాలు రాసిపెట్టేవాడు, వచ్చిన ఉత్తరాలు చదివి వినిపించేవాడు. ఆడవాళ్ళందరినీ అక్కా అనేవాడు. నెల తిరక్కుండా మా వీధిలో ఏ ఇంటి మగవాడు ఎప్పుడు వస్తాడో, ఏ ఇంట్లో ఎవరికి ఎవరితో పడదో అతనికి తెలియనిది లేదు. అప్పుడది మాకు మంచితనంగానే కనిపించింది. సాయంత్రాలు పిల్లలకు ఊరికే పాఠాలు చెప్పేవాడు. జేబులో ఎప్పుడూ పిప్పరమెంటు బిళ్ళలుండేవి.

ఒకరోజు గొట్టపుబావి దగ్గర ఆడవాళ్ళందరూ ఉన్నప్పుడు వచ్చి, "ఈ వంతులు ఎందుకక్కా, పొద్దున్నే పిల్లల్ని నా దగ్గర దించి వెళ్ళండి. చదువూ వస్తుంది, మీ బేరమూ పోదు" అన్నాడు. మా అమ్మ మొహం వెలిగిపోవడం నాకింకా గుర్తుంది. వాళ్ళను తప్పు పట్టలేను. చేపల బుట్ట మోసే మెడలకు ఆ మాట ఎంత తేలికగా ఉండి ఉంటుందో ఊహించగలను. మా వాళ్ళు చేసిన పెద్ద తప్పు అదే. ఒక మంచి మాటకు తరాల నాటి వంతు వదిలేశారు. ఎర్రమ్మత్త ఒక్కతే బిందె కింద పెట్టి అడ్డం తిరిగింది.

"వంతు మానీడానికి నేదు."

"మంచోడు దొరికితే ఓర్వలేవు వదినా నువ్వు" అంది మా అమ్మ.

"మంచోడైతే మరీ మంచిది. మంచోడికి నాను పక్కన కూకుంటే నొప్పేటి?"

మర్నాటి నుంచి ఆవిడ ఒక్కతే రోజూ వంతు చేసింది. బరంపురం బేరం పూర్తిగా మానేసి, మాస్టారి అరుగు మీద ఎండు రొయ్యల తట్ట పెట్టుకుని, తలలు తుంచుతూ కూర్చునేది. పండగ లేదు, పబ్బం లేదు. బేరం మానడంతో ఇంట్లో పొయ్యి వెలగని పూటలు కూడా ఉండేవని తర్వాతెప్పుడో తెలిసింది. మాస్టారు చిరునవ్వుతో, "అత్తా, ఈ వాసనకి పిల్లలకి చదువు బుర్రకెక్కదు" అనేవాడు. "ఈ వాసన్లోనే పుట్టినారు బాబూ" అనేది ఆవిడ, తల ఎత్తకుండా. గాలి అంటూ అతను తలుపు వేస్తే, ఎండ అంటూ ఆవిడ తట్ట పట్టుకుని లోపలికి వచ్చేది. అందరినీ పంపేసి ఒక్కరికి లెక్కలు చెబుతానంటే, ఆ ఒక్కరి పక్కనే ఆవిడ కూడా చతికిలబడేది. మాకు భలే కోపంగా ఉండేది. ఆవిడ నడకను, మాటను వెక్కిరించేవాళ్ళం. మాస్టారు ఆ వెక్కిరింతలకు మెల్లగా నవ్వేవాడు, ఆపమని ఒక్కసారీ అనలేదు.

అందరిలోకీ ఎక్కువ కోపం నాకే. ఎందుకంటే ఆ ఒక్కరు నేనే. అతను నాకు రిబ్బను ఇచ్చాడు, రంగు పెన్సిళ్ళ పెట్టె ఇచ్చాడు. నీ అంత తెలివైన పిల్ల ఈ జిల్లాలో లేదన్నాడు. మా నాన్న పరదీప్ వెళ్ళి ఏడు నెలలైంది. నా తల మీద చెయ్యి వేసి బాగా చదువుతున్నావు అనే మగమనిషి కోసం ఎంత మొహం వాచి ఉన్నానో ఇప్పుడు తలచుకుంటే నా మీద నాకే జాలి వేస్తుంది. చక్కిలిగింతల ఆట ఒకటి ఉండేది. మొదట అందరితో ఆడేవాడు. తర్వాత ఎర్రమ్మత్త నీళ్ళకు వెళ్ళినప్పుడు నాతోనే. వద్దు మాస్టారూ అంటే నవ్వేవాడు, ఆపేవాడు కాదు. నేనూ నవ్వేదాన్ని. చక్కిలిగింతలకు నవ్వు దానంతటదే వస్తుంది కదా, అది ఇష్టమో కాదో ఎవరికి తెలుస్తుంది? నాకే తెలిసేది కాదు.

ఒక మధ్యాహ్నం ఎర్రమ్మత్త నన్ను తన పాక వెనక్కి పిలిచింది. పెన్సిళ్ళ పెట్టె చూసిందో ఏమో. బెదిరించలేదు. రొయ్యలు ఏరుతూ, నా మొహంలోకి చూడకుండా అడిగింది.

"ఆ పెట్టి నీకు అందరి ముందూ ఇచ్చినాడా, ఒక్కదానివే ఉన్నప్పుడా?"

"అందరి ముందే."

"అమ్మకి సెప్పొద్దన్నాడా?"

"అన్లేదు."

"నువ్వు ఒద్దంటే ఆగుతాడా?"

ఈ మూడోదానికి నోరు పెగల్లేదు. కోపం మాత్రం తన్నుకొచ్చింది. "నీకు పిల్లల్లేరు, అందుకే మేమంటే కుళ్ళు" అన్నాను. ఆ మాట మా పెద్దవాళ్ళు చాటుగా అనుకునేది. ఆవిడ ఇంకో రొయ్య తీసింది.

"సరే, నాకు సెప్పకు. గాని ఒకటిను. సెప్పొద్దన్న మాట ఏదైనా ఉంటే, అది నీది కాదే. ఆడిది. ఆడి బరువు నువ్వెందుకు మోస్తావు?"

నేను లేచి పరుగెత్తాను. మొదటి రెండు ప్రశ్నలకూ అబద్ధాలు చెప్పానని ఆవిడకు తెలుసని నాకూ తెలుసు.

ఆ తర్వాత పది రోజులకు మాస్టారు మా అమ్మకు ఒక వార్త తెచ్చాడు. బరంపురంలో ఒక పెద్ద బడిలో పరీక్ష ఉంది, నెగ్గితే నా చదువు, తిండి అంతా వాళ్ళదే. "ఆదివారం తీసుకెళ్తాను, ఆ రాత్రికి మా అక్క ఇంట్లో పడుకుని మర్నాడు పొద్దున్నే వచ్చేస్తాం" అన్నాడు. అమ్మ ఆనందం పట్టలేక కళ్ళు తుడుచుకుంది. ఎర్రమ్మత్త వచ్చి గడపలో నిలబడి, "పిల్లతో నాను కూడా ఎల్తాను" అంది. అమ్మకు ఒళ్ళు మండిపోయింది. "నా పిల్ల బాగుపడతంటే నీకేటి బాధ? ఇంక మా గడప తొక్కకు" అని తలుపు వేసేసింది. తలుపు సందులోంచి ఆవిడ మొహం చూశాను. అలా మొహం మీద తలుపు వేస్తే మరొకరైతే మా ఇంటి వైపు మళ్ళీ తల తిప్పరు.

ఆదివారం పొద్దున్న ఛత్రపూర్ స్టేషన్‌లో రైలెక్కి కూర్చున్నాం. బండి కదిలే ముందు, ఖాళీ బుట్ట నడుమున పెట్టుకుని ఎర్రమ్మత్త ఎక్కింది. మా ఎదుటి బల్ల మీద కూర్చుని కాళ్ళు చాపుకుంది. మాస్టారి మొహంలో నవ్వు పోవడం నేను మొదటిసారి అప్పుడే చూశాను. మళ్ళీ తెచ్చుకున్నాడు గానీ ఆలస్యమైంది.

"అత్తా, మీరెక్కడికి?"

"బడా బజారుకి. మీ అక్క ఇల్లు ఎక్కడ బాబూ?"

"అక్కడే, బడా బజార్ వెనక సందులో."

"ఏ సందు? ముప్పై ఏళ్ళు ఆ సందులన్నీ తిరిగి సేపలమ్మినాను. అన్నీ నా వాడిక ఇళ్ళే. మీ అక్క ఏ సేప తింటాది? ఆమె పేరేటి?"

అతను ఏదో పేరు చెప్పాడు. ఆవిడ తల ఊపి, దిగాక ఆ ఇల్లు చూపించమంది. ముందు పరీక్షకు వేళవుతోందన్నాడు. అయితే ముందు బడికే పోదామంది. ముగ్గురం నడిచాం. బడి గేటుకు పెద్ద తాళం వేసి ఉంది. లోపల చెట్టు కింద కూర్చున్న కాపలా ముసలాయన ఒడియాలో, "ఆజి ఛుటీ, మావుసీ" అన్నాడు. ఆదివారం కదా, సెలవే. ఎర్రమ్మత్త అదే భాషలో అడిగింది, పరీక్ష ఏదైనా ఉందా అని. ఏ పరీక్షా లేదన్నాడు ఆయన. మాస్టారు తేదీ పొరపాటు పడ్డానన్నాడు. ఎదుటి కొట్లో టీ తాగి వస్తానన్నాడు. మేం చాలాసేపు నిలబడ్డాం. అతను తిరిగి రాలేదు.

ఆ గేటు ముందు నాకు మొత్తం అర్థమైందని చెప్పను. పదకొండేళ్ళ పిల్లకు ఏం అర్థమవుతుంది? కానీ ఆవిడ కొంగు పట్టుకున్నాను. ఆవిడ నన్ను ఏమీ అడగలేదు. తిరుగు రైలు కోసం ప్లాట్‌ఫారం మీద కూర్చున్నప్పుడు నా అంతట నేనే మొదలుపెట్టాను. చక్కిలిగింతల ఆట సంగతి, తలుపు సంగతి, మీ అమ్మకు చెబితే ఏడుస్తుంది అని అతను అన్న సంగతి, అన్నీ. మాట మాటకీ ఏడుపు అడ్డొచ్చింది. ఎర్రమ్మత్త నన్ను దగ్గరికి తీసుకోలేదు, నా వైపు చూడను కూడా చూడలేదు. పట్టాల వైపు చూస్తూ అంతా విన్నది. చివర్లో, "నీ తప్పేటీ నేదు. మంచి పని సేసినావు సెప్పి. ఆకలేస్తందా?" అంది. వేస్తోందన్నాను. పకోడీ పొట్లం కొని తెచ్చి, నేను తినేంతవరకూ పొట్లం పట్టుకుని కూర్చుంది. నా జన్మలో నన్ను ఇంకెవరైనా అంతగా ప్రేమించారని నేననుకోను.

మేం పేటకు చేరేసరికి మాస్టారి గది ఖాళీ. మాకంటే ముందే ఏ బస్సులోనో వచ్చి పెట్టె సర్దుకుని పోయాడు. సంగతి విని అమ్మ ఎర్రమ్మత్త కాళ్ళ మీద పడిపోయింది. ఆడవాళ్ళంతా ఆ సాయంత్రమే కూర్చుని మళ్ళీ వంతులు వేసుకున్నారు. అప్పుడు ఎవరో అన్నారు, పోలీసులకు చెబుదామా అని. వెంటనే పది గొంతులు లేచాయి. మన పిల్లల పేర్లు బయటికొస్తాయి, రేపు పెళ్ళిళ్ళు కావొద్దా, పోయాడు కదా, పీడ పోయింది. అందరూ ఎర్రమ్మత్త వైపు చూశారు. ఆవిడ నా వైపు చూసి, "సరే, పోనీండి" అంది. నా కోసమే అంది. అది నాకు అప్పుడే తెలుసు. తెలిసి గుండె తేలికపడింది కూడా.

ఆరేళ్ళు గడిచాయి. నేను ఛత్రపూర్ కాలేజీలో చదువుతున్నాను. ఎండు రొయ్యలు కొనడానికి రంభ అనే ఊరికి వెళ్ళిన ఎర్రమ్మత్త, ఒకరోజు ఉత్త చేతులతో తిరిగొచ్చింది. రెండు రోజులు ముద్ద ముట్టలేదు. మూడో రోజు మా ఇంటికి వచ్చి, "నాతో రంభ ఒస్తావా?" అంది. అక్కడ చిలక సరస్సు ఒడ్డున మనవాళ్ళే ఉండే ఒక వీధిలో, మూడేళ్ళ క్రితం ఒక మాస్టారు దిగాడట. ఊరికే చదువు చెప్పేవాడట. ఉత్తరాలు రాసిపెట్టేవాడట. జేబులో బిళ్ళలుండేవట. అక్కడ అరుగు మీద కూర్చునే ఎర్రమ్మ ఎవరూ లేకపోయారు. ఒక పిల్ల, ఎనిమిదేళ్ళది, అప్పటి నుంచి మాట్లాడటం మానేసింది. ఆ పిల్లకు జరిగింది బయటపడేలోగా అతను అక్కడి నుంచీ పోయాడు.

ఆ ఇల్లు నీటి ఒడ్డునే ఉంది. పిల్ల తల్లి వల బాగుచేసుకుంటోంది, చిన్న వయసు మనిషి. ఎర్రమ్మత్త నేల మీద ఆమె ఎదురుగా కూర్చుంది. నేను వెనక నిలబడ్డాను. ఆవిడ మాటలు తిప్పలేదు.

"అమ్మీ, ఆడు మీ ఊరికి ముందు మా ఊర్లో ఉన్నాడు. ఆడెలాంటోడో మాకు తెలుసు. ఈ పిల్లని ఆడి సేతిలోంచి తప్పించినాను. ఆ మాట సెప్దామని ఒచ్చినాను" అంది, నన్ను చూపిస్తూ.

ఆ తల్లి వల వదిలేసింది. తిడుతుందనుకున్నాను, కొడుతుందనుకున్నాను. కొట్టినా ఎర్రమ్మత్త చెయ్యి అడ్డం పెట్టేది కాదు. ఆమె నన్ను పైనుంచి కిందకి చూసింది. కాలేజీకి వెళ్ళే నా బట్టలు, నా రెండు జడలు చూసింది. తలుపు వెనక నుంచి మొహం సగం కనిపించేలా ఒక పిల్ల కూడా నన్నే చూస్తోంది. అప్పుడా తల్లి గొంతు పెంచకుండా, నిజంగానే తెలియక అడిగినట్టు అడిగింది.

"తెలిసీ మాకు సెప్పలేదేటమ్మా?"

 ఊరూరూ తిరిగి ఎవరి నోరైనా మూయించగల ఎర్రమ్మత్త తల వంచుకుని కూర్చుండిపోయింది. తిరుగు రైల్లో కిటికీ వైపు మొహం తిప్పుకుని ఒకే ఒక్క మాట అంది. "మన పిల్లలే పిల్లలనుకున్నానే." ఆ తర్వాత బతికిన నాలుగేళ్ళూ బరంపురం రైల్లో, రంభ సంతలో, ఎక్కడ నలుగురు చేపలమ్మే ఆడవాళ్ళు కూడితే అక్కడ ఆవిడ ఆ మాస్టారి పేరు, పోలికలు, అతను మాట్లాడే తీరు చెబుతూనే ఉంది. పిచ్చిదన్నారు. చెబుతూనే పోయింది. అతను దొరికాడో లేదో మాకు ఈనాటికీ తెలియదు.

ఆవిడ నాకు నేర్పింది మనుషులను నమ్మొద్దని కాదు. చూడటం మానొద్దని. నేను ప్రధానోపాధ్యాయినిని అయ్యాక పెట్టిన నియమం ఇది, మా బడిలో ఒక్క పెద్దమనిషి కూడా తలుపు వేసుకుని ఒక్క పిల్లతో ఉండకూడదు, నేనైనా సరే. పిల్లలు వద్దంటే ఆట ఆగిపోవాలి. మొన్నటికి మొన్న ఒకతన్ని పనిలోంచి తీసేయాల్సి వచ్చింది. ఇద్దరు పిల్లలు వచ్చి అతని సంగతి నాతో చెప్పారు. మా కమిటీ పెద్దలు నన్ను కూర్చోబెట్టి, "పంపించేశాం కదా మేడమ్, బడి పేరు ఎందుకు పోగొట్టుకోవడం? మంచి సర్టిఫికెట్ ఇచ్చి వదిలించుకుందాం" అన్నారు. వాళ్ళేమీ చెడ్డవాళ్ళు కాదు. మా గొట్టపుబావి దగ్గరి ఆడవాళ్ళు కూడా చెడ్డవాళ్ళు కాదు.

సర్టిఫికెట్ ఇవ్వలేదు. పిల్లల పేర్లు ఎవరికీ తెలియకుండా చూస్తామని పోలీసుల దగ్గర మాట తీసుకుని, వాళ్ళకు కాగితం మీద రాసిచ్చాను. ఇద్దరు కమిటీ సభ్యులు నాతో మాట్లాడటం మానేశారు. అతను పనికోసం దరఖాస్తు పెట్టుకున్న బడి ఎక్కడిదో కనుక్కుని, అక్కడికి ఫోన్ చేశాను. అవతల ఒక ముక్కూ మొహం తెలియని టీచరమ్మ ఎత్తింది. అతని సంగతి చెప్పడం మొదలుపెట్టాను. ఎందుకు చెబుతున్నారు, మీకేమిటి సంబంధం అని ఆమె అడిగింది. రంభలో తలుపు వెనక నుంచి సగం మొహంతో నన్ను చూసిన పిల్లకు ఇప్పుడు యాభై దగ్గర పడుతుంటాయి. నేను తప్పించుకున్న దారినే మాస్టారు ఆ పిల్ల దగ్గరికి వెళ్ళాడు. సంబంధం ఉందమ్మా అన్నాను, మొదటి నుంచీ మళ్ళీ చెప్పాను.